మూల కాలేజీ మెట్ల దగ్గర అనకూడని మాట

మూల కాలేజీ మెట్ల దగ్గర "వెళ్ళొస్తా" అనకూడదు.

మా ఊళ్ళో పిల్లలకి మాటలు వచ్చీ రాగానే నేర్పే సంగతి ఇది. ఇంకెక్కడైనా బయల్దేరుతూ "పోతున్నా" అంటే నోటిమీద ఒకటి పడుతుంది. పోవడమేమిటి, వెళ్ళొస్తా అనలేవా అని కసురుతారు. ఆ ఒక్కచోట మాత్రం తిరగేసి చెప్పాలి. పోతున్నా అనాలి. అని, వెనక్కి చూడకుండా బయటపడాలి.

అక్కడ వెళ్ళొస్తా అన్నవాళ్ళు... వస్తారు. రాక తప్పదు.

మాది పాత యూనివర్సిటీ ఉన్న ఊరు. ఊళ్ళో యూనివర్సిటీ ఉందో, యూనివర్సిటీలో ఊరుందో చెప్పడం కష్టం. రాతిగోడల మధ్య కాలేజీలు. ఒక్కోదానికి వేరే గేటు, వేరే వంటిల్లు, వేరే గర్వం. వైద్యం చదవాలంటే పెద్ద గేటు కాలేజీ. లెక్కలు కావాలంటే గంట కాలేజీ. అన్నిటికీ వెనక, గోడ వంపు తిరిగేచోట, మూల కాలేజీ.

అక్కడ చెప్పేది పాత భాషలు. ఇప్పుడు ఎవరూ మాట్లాడనివి. చచ్చిన భాషలు చెప్పేచోట బతికున్నవాళ్ళకేం పని అని మాలో ఒక హాస్యం. పగలు నవ్వుతాం. దీపాలు పెట్టాక ఆ హాస్యం ఎవరూ ఆడరు.

ఎప్పుడో ఒక కుర్రాడు ఆ కాలేజీ పైగదిలో ఉండే పంతులుగారికి "వెళ్ళొస్తానండీ" అని చెప్పి, తెల్లారి వేరే కాలేజీలో చేరాడట. ఆయన, కుర్రాడు వస్తాడు వస్తాడని కిటికీ దగ్గర తన కుర్చీ పక్కనే ఇంకో కుర్చీ వేయించి కూర్చున్నాడు. అలా కూర్చునే కన్నుమూశాడు. ఇప్పటికీ చీకటి పడ్డాక ఆ గదిలో ఎవరో కుర్చీ లాగుతారని అంటారు.

నేను ఒకరు వద్దన్నారని మానేసే మనిషిని కాను. రాత్రిబడికి ఆ గోడ వారనే నడిచేవాణ్ణి. అయినా ఆ గేటు ముందు మాత్రం నోరు మూసుకునే నడిచాను. అది వేరే సంగతి.

ఇది దర్జీ కూతురి సంగతి. నాకు చెప్పింది ఆ పిల్ల మేనత్త. దుకాణంలో కాజాలు కుట్టేది ఆవిడే. నోటి పదును చూసి వీధంతా కత్తెరత్త అంటారు. అబద్ధమాడే మనిషి కాదు. ఆ అవసరమే రాలేదు ఆవిడకి, నిజంతోనే అందర్నీ కోసేస్తుంది.

దర్జీ కుట్టేది గౌన్లు. యూనివర్సిటీవాళ్ళు తొడుక్కునే నల్ల గౌన్లు. ఏ చదువో తెలియడానికి చేతుల అంచున రంగు పట్టీ ఉంటుంది. వైద్యానికి ఆకుపచ్చ. కూతురు వైద్యం చదువుతుందని, ఇంకా చేరకముందే ఆకుపచ్చ పట్టీ కత్తిరించి మిషను పక్కన మేకుకి తగిలించుకున్నాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే అంచులు కూడానా అని కత్తెరత్త దెప్పేది.

ఆ పిల్లకీ వైద్యమే కావాలి. చిన్నప్పుడు వాళ్ళమ్మకి జ్వరం వచ్చింది. ఆసుపత్రికి బయల్దేరుతూ, ఒంట్లో ఓపిక లేక, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ "పోతున్నానే" అంది. అంతే. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ జ్వరం పేరేమిటో కూడా ఎవరూ చెప్పలేదు. ఆ పేరు తెలుసుకోవాలని పిల్ల పట్టుదల.

అప్పట్నుంచి ఆ ఇంట్లో ఆ మాట వినపడదు. పాలు పొంగిపోయాయనరు, పొంగాయంటారు. దారం తెగిపోయిందనరు, తెగిందంటారు. కొత్తగా వచ్చినవాళ్ళకి వింతగా ఉంటుంది. మాకు అలవాటైంది.

మా యూనివర్సిటీలో చదువు ఎంచుకోవడం నోటితోనే. పరీక్ష గట్టెక్కిన పిల్లలు పెద్ద హాల్లో ఒక్కొక్కరే లేచి, కాలేజీ పేరు, చదువు పేరు అందరికీ వినపడేట్టు చెప్పాలి. ఒక్కసారే. హాలంతా "విన్నాం" అంటుంది. అన్నాక ఇక దేవుడొచ్చినా మార్చలేడు. దాన్ని నోరెత్తే రోజు అంటాం.

దానికి ముందు సాయంత్రం జరిగింది ఇదంతా.

మూల కాలేజీ నుంచి ఒక గౌను బాగుచేతకి వచ్చింది. లోపలి అస్తరు చిరిగింది. అది తిరిగి ఇచ్చెయ్యాలి. దర్జీకి తలెత్తే తీరిక లేదు. నేనిచ్చి వస్తానంది పిల్ల. గుమ్మం పక్కన మేకుంటుంది, దానికి తగిలించి, ఆ మాట అనేసి వచ్చెయ్యమని అత్త చెప్పింది. ఆ మాట ఏదో ఆవిడ కూడా పైకి అనలేదు. పెదాలు మాత్రం కదిపింది.

"ఏదీ, ఒకసారి అను చూద్దాం," అంది.

పిల్ల నోరు తెరిచింది. మాట రాలేదు.

"అక్కడ అంటాలే అత్తా."

చీకటి తొందరగా పడే రోజులు. సందు దాటేసరికే గోడలు నల్లబడ్డాయి. మూల కాలేజీ గేటు ఓరగా తీసి ఉంది. లోపల రాళ్ళు పరిచిన ముంగిలి. మనిషి అలికిడి లేదు. కింది గది తలుపు చేరవేసి ఉంది, సందులోంచి వెలుతురు కూడా లేదు. దాని పక్కనే మెట్లు. ఎందరు ఎక్కి దిగారో, ప్రతి మెట్టూ మధ్యలో గుంట పడింది.

గుమ్మం పక్కన మేకు కనపడింది. గౌను తగిలించడానికి చెయ్యెత్తింది —

"పైకి తీసుకురా."

గట్టిగా కాదు. బాగా అలిసిన పెద్దవాళ్ళు పిలిచినట్టు.

గౌను ఇచ్చినవాళ్ళు ఎక్కడికి తెమ్మంటే అక్కడికి తీసుకెళ్ళడం దర్జీ పిల్లకి అలవాటు. ఆలోచించకుండానే ఎక్కింది. సగం మెట్లెక్కాక ఆలోచన వచ్చింది. అప్పటికి వెనక్కి తిరగడం కంటే పైకి వెళ్ళడమే దగ్గర.

గది తలుపు తీసే ఉంది. కిటికీ వైపు తిరిగి ఒక కుర్చీ... వీపు ఎత్తుగా. అందులో మనిషి ఉన్నదీ లేనిదీ వెనకనుంచి తెలియడం లేదు. ఇంకో కుర్చీ గోడ వారగా ఉంది. గదంతా ఆర్పిన వత్తి వాసన.

"ఏం చదువుతావు?"

"వైద్యమండీ."



"మంచిదే... గౌను ఆ కుర్చీ మీద పెట్టు."

పెట్టింది. వెనక్కి వెనక్కి నడిచి గుమ్మం పట్టుకుంది. ఇప్పుడు ఆ మాట అనాలి. అనేసి పరుగెత్తాలి.

"మళ్ళీ వస్తావా?"

నాలుక మీదికి మాట వచ్చింది. దానితోపాటే గుమ్మంలో వాళ్ళమ్మ వచ్చింది, గోడ పట్టుకుని, చెప్పులో కాలు దూర్చుతూ...

"వెళ్ళొస్తానండీ," అంది పిల్ల.

తిరిగి మొదటి మెట్టు మీద కాలు పెట్టిందో లేదో — వెనకాల గదిలో — గోడ దగ్గర్నుంచి కిటికీ వైపు — నేల గీసుకుంటూ...

కుర్చీ లాగిన చప్పుడు.

ఎలా దిగిందో తెలియదు. ఒక చెప్పు ముంగిట్లోనే ఉంది. ఇంటికొచ్చి మిషను కిందకి దూరి కూర్చుంది. చిన్నప్పుడు ఉరుములకి అక్కడే దూరేదట.

అడగ్గా అడగ్గా చెప్పింది. కత్తెరత్త కాసేపు నోరు చేసుకుంది, పెంపకం బాగా కుదిరింది, దెయ్యానికి కూడా మర్యాద చేసొచ్చావు అని. తర్వాత లేచి చీర కొంగు బిగించింది. ఇప్పుడే ఆ మెట్ల దగ్గరికెళ్ళి, మా పిల్ల రాదు, ఏం చేసుకుంటావో చేసుకో అని చెప్పొస్తానంది.

"చెప్పొస్తానంటే నువ్వూ రావాలేమో అక్కా," అన్నాడు దర్జీ.

నవ్వించాలనే అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు. ఆవిడ మెల్లిగా కూర్చుంది.

రేపు హాల్లో వైద్యం అని చెప్పెయ్, విన్నాం అనిపించుకో, ఆ తర్వాత ఎవరు పిలిచినా నీకు సంబంధం లేదు అని దర్జీ కూతురికి ధైర్యం చెప్పాడు. అందరూ అదే పట్టుకుని తెల్లవార్చారు.

హాలు నిండింది. వేదిక మీద గౌన్లతో పంతుళ్ళు, పంతులమ్మలు. బెంచీల మీద పిల్లలు, వెనక తల్లిదండ్రులు. దర్జీ ఆకుపచ్చ పట్టీ చేతికి చుట్టుకుని నిలబడ్డాడు. పిల్ల పక్కనే కత్తెరత్త.

అంతలో ఒక కాపలాదారు ఒక ముసలావిడని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. కళ్ళు కనపడవు. గౌను లేదు, పాత శాలువా కప్పుకుని ఉంది. వేదిక ఎక్కలేదని పిల్లల బెంచీ చివర కూర్చోబెట్టాడు. మూల కాలేజీ పెద్దమేడం, అక్కడ మిగిలింది ఈవిడొక్కతే అని వెనక ఎవరో గుసగుసలాడారు.

పిల్ల భయపడి అత్తతో ఏదో అంది. ఆ గొంతు విని ముసలావిడ ఇటు తిరిగింది.

"నిన్న సాయంత్రం మా మెట్ల దగ్గర వెళ్ళొస్తానంది నువ్వేనా తల్లీ?"

పిల్ల అత్త కొంగు పట్టుకుంది. ఆ తర్వాత... మెల్లిగా వదిలింది.

ఇదన్నమాట దెయ్యం. కళ్ళు లేని మనిషికి దీపమెందుకు? అందుకే ఆ చీకటి. ముసలితనం కాబట్టి ఆ గొంతు.

"ఎంత హాయిగా ఉందో ఆ మాట వింటే. ఎవరొచ్చినా పోతున్నా అనే పోతారు. నేనేం చేశానో మరి..."

కత్తెరత్త తల దించుకుంది. చిన్నప్పుడు ఆవిడా గౌన్లు ఇచ్చి అదే మాట అనేసి వచ్చింది.

ఇవాళ కూడా ఎవరూ తమ కాలేజీ పేరు చెప్పకపోతే గేటు మూసేస్తారని ముసలావిడ చెప్పింది. ఫిర్యాదులా కాదు, వాన వచ్చేట్టుంది అన్నట్టు చెప్పింది. తర్వాత నువ్వేం చదువుతావని అడిగింది. నిన్న చెప్పానుగా అనుకుంది పిల్ల. పెద్దవయసు, గుర్తులేదేమోలే అని సరిపెట్టుకుని, వైద్యం అంది.

"మంచి చదువు. గొంతు వణక్కుండా గట్టిగా చెప్పు."

ముసలావిడ ఆ ఒక్కమాట అనకుండా ఉంటే, మా కాలేజీకే రమ్మని కాళ్ళావేళ్ళా పడి ఉంటే, ఇంకోలా జరిగేదేమో అంటుంది కత్తెరత్త.

పిల్ల వంతు వచ్చింది. లేచింది. వెనక దర్జీ పట్టీ ఉన్న చెయ్యి పైకెత్తాడు.

"వై..." అంది. ఆగింది.

హాలంతా చూస్తోంది.

"మూల కాలేజీ. పాత భాషలు."

"విన్నాం," అంది హాలు.

దర్జీ చేతికున్న పట్టీ విప్పాడు. విప్పి, చుట్ట చుట్టి, జేబులో పెట్టుకున్నాడు.

"వస్తానని మాటిచ్చాను నాన్నా," అంది పిల్ల. భయం లేదు ముఖంలో. అమ్మ జ్వరం పేరు ఇక తెలియదని తెలిసి కూడా, ఏదో మంచిపని చేసినదానిలా ఉందట. వెళ్ళి ముసలావిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. శాలువా సర్దుకుంటూ అడిగింది.

"నా గౌను ఇంకా కుట్టడం అవలేదామ్మా? పొద్దున్నే మేకు తడిమి చూశాను, లేదు. అది లేకుండానే వచ్చాను."

"నిన్ననే తెచ్చానుగా మేడం. మీరు పైకి తెమ్మంటేనే..."

"పైకా?"

ముసలావిడ పిల్ల చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"నేను మెట్లెక్కి ఏళ్ళయింది తల్లీ. కింది గదిలో తలుపు చేరవేసుకుని కూర్చున్నాను. నువ్వు పైనెక్కడో మాట్లాడుతున్నావు. చివరి మాట ఒక్కటే తెలిసింది. నాకే చెప్పావనుకున్నా..."

పిల్ల చెవి దగ్గరికి వంగింది.

"నాకు నీ గొంతొక్కటే వినపడిందమ్మా. నువ్వు ఎవరికి చెప్పావు?"

మిట్టమధ్యాహ్నం కత్తెరత్త, కాపలాదారు కలిసి వెళ్ళారు. పైగదికి తాళం ఉంది. తుప్పు పట్టిన తాళం. ముంగిట్లో పిల్ల చెప్పు కనపడింది కాబట్టి నిన్న వచ్చింది ఇక్కడికేనని ఆవిడకి తెలుసు. తాళంచెవి తిరగక, కాపలాదారు రాయితో పగలగొట్టాడు.

కిటికీ దగ్గర రెండు కుర్చీలు. పక్కపక్కన. గోడ దగ్గర్నుంచి అక్కడిదాకా దుమ్ములో గీత. రెండో కుర్చీలో గౌను... వేలాడేసినట్టు లేదు. చేతులు రెండూ కుర్చీ చేతుల మీద సర్ది ఉన్నాయి, ఎవరో కూర్చున్నట్టు.

ఆ పిల్ల మూల కాలేజీలోనే చేరింది. మూసెయ్యాల్సిన గేటు ఇంకా తెరిచే ఉంది. బాగా చదువుతోందట. ఇన్నాళ్ళూ ఎవరికీ అర్థంకాని రాతలు కూడా, పక్కన కూర్చుని ఎవరో చెప్పినట్టు, గడగడా చదివేస్తోందట. సెలవులకి ఇంటికొస్తుంది. తింటుంది, నవ్వుతుంది, అత్తకి కాజాలు కుట్టిపెడుతుంది. గట్టి పిల్ల, దానికేమీ కాలేదంటుంది కత్తెరత్త. ఆ కుర్చీ ఎలుకలు జరిపి ఉంటాయి అంటుంది. ఎలుకలు గౌను కూడా సర్దుతాయా అని నేనడగలేదు.

ఒక్కటే సంగతి ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది.

సెలవులయ్యాక, పెట్టె పట్టుకుని, గుమ్మంలో చెప్పులు వేసుకుంటుందట ఆ పిల్ల. లోపల దర్జీ మిషను ఆపి వింటుంటాడట, ఈసారైనా సరిగ్గా అంటుందేమోనని.

"పోతున్నా అత్తా," అంటుందట.