లేని చేతి పిడికిలి

మనసు వేరు, దేహం వేరు అని ఒక పుస్తకం. కాదు, రెండూ ఒకటేనని మరొకటి. రెండింటి అంచులూ కోసింది నేనే. పుస్తకాలు కుట్టే షాపులో పద్నాలుగేళ్లు కటింగ్ మిషన్ నాది. బడి నన్ను ఐదో తరగతిలో వదిలేసింది గానీ చదువును నేను వదల్లేదు. కోసే ముందు ప్రతి కట్టలోంచీ నాలుగు పేజీలు చదివేదాన్ని.

ఆ కత్తి దిగాలంటే రెండు చేతులతో రెండు బటన్లు నొక్కాలి. చేతులు కత్తి కింద ఉండకూడదని ఆ ఏర్పాటు. పని త్వరగా తెమలాలని మేమంతా ఒక బటన్ నొక్కుకునే ఉండేలా అందులో అట్టముక్క దోపేవాళ్లం. ఆ రోజు నేనూ దోపాను. ఎడమచేయి మణికట్టు దగ్గర పోయింది.

పోతే పోయింది. పోయిన చేయి పిడికిలి బిగించుకుని కూర్చుంది. లేని గోళ్లు లేని అరచేతిలో దిగబడుతున్నాయి. ఆరు వారాలుగా కంటి మీద కునుకు లేదు.

"చేయి పోయిన సంగతి మీ మెదడుకింకా తెలియలేదమ్మా," అన్నాడు డాక్టరు.

"ఊరందరికీ తెలిసింది, దానికి మాత్రం కబురందలేదా?" అన్నాను.

అద్దం వైద్యం చెప్పి పంపాడు.

మిట్టమధ్యాహ్నం. వంటింటి బల్ల మీద మా వదిన రెండు చేతులా అద్దాన్ని నిలబెట్టి పట్టుకుంది. మొండిచేయి అద్దం వెనక, కుడిచేయి ముందు. అద్దంలో కుడిచేయి అచ్చం ఎడమచేయిలా కనిపిస్తుంది. దాన్ని చూస్తూ పిడికిలి విప్పితే మెదడు మోసపోయి నొప్పిని వదిలేస్తుందట.

"మెదడుని మోసం చేయడమేంటే తల్లీ," అంది వదిన.

"మా అన్నయ్యని రోజూ చేస్తున్నావుగా. అలాగే."

నవ్వింది. కుడి పిడికిలి విప్పాను.

అద్దంలోది విచ్చుకోలేదు.

కుళాయి చుక్క పడుతోంది. నూనె, ఇనుము కలిసిన వాసన... వంటింటిది కాదు, మిషన్‌ది. నా కుడిచేయి బల్ల మీద బార్లా చాపి ఉంది. అద్దంలో పిడికిలి వణుకుతోంది.

"నీ మొహం పాలిపోయిందే... ఆపేద్దాం," వదిన గుసగుస.

"కదిలావంటే ఊరుకోను."

భయం వేసింది. అంతకంటే ఒళ్లు మండింది. నా ఒంట్లో ఉంటూ నా మాట వినకపోవడానికి నువ్వెవరివి? విప్పు.

చిటికెనవేలు లేచింది. ఉంగరపువేలు... మధ్యవేలు... చూపుడువేలు... చివరికి బొటనవేలు. నొప్పి పోయింది. ఆరు వారాల తర్వాత లేని అరచేతికి గాలి తగిలింది.

గాలి తర్వాత, చల్లటి వేలి కొస.

"వదినా, నీ వేలు తియ్యి."

"నా చేతులు రెండూ అద్దం మీదే ఉన్నాయే."

చూశాను. ఉన్నాయి.

అప్పుడు తట్టింది. ఆ పిడికిలి ఇన్నాళ్లూ బిగుసుకుంది నన్ను ఏడిపించడానికి కాదు. అరచేయి ఎవరికో అందకూడదని. విప్పించింది నేనే.

మూయబోయాను. మూసుకోలేదు.

వేలు కదిలింది. నిదానంగా, గోరు ఒత్తి, అక్షరం రాస్తోంది.

సరే, రాయి. కత్తికే బెదరలేదు, నీ గోటికి బెదురుతానా? చదివి తీరతాను.

మొదటి అక్షరం పూర్తయింది. తలకట్టు విడిగా, పక్కకి ఒరిగి పడింది.

తలకట్టు అలా పెట్టేది నేనొక్కదాన్నే.