జీపుకు రెండు టైర్లు చాలు

"ఇవి కొత్తయి కావు," అంది బాలలక్ష్మి.

జియాలజీ డిపార్ట్‌మెంట్ వెనక రేకుల షెడ్డులో ఉన్నవాళ్ళంతా ఆమె వైపు తిరిగారు. రాజలింగు అప్పుడే ముషీరాబాద్ నుంచి నాలుగు టైర్లు రిక్షాలో వేయించుకొచ్చి, గోడకు ఆనించి, అందరికీ మురిసిపోతూ చూపిస్తున్నాడు.

అతను రిసెర్చ్ స్కాలరు. ఫీల్డ్ ట్రిప్పులకు వాడే పాత మిలిటరీ జీపు బాధ్యత ఆ ఏడు అతని మీద పడింది. టైర్లకు డిపార్ట్‌మెంట్ ఇచ్చింది నాలుగు వందలు. ఆ డబ్బుకు ఎక్కడైనా రెండే వస్తాయన్నారు. అతను నాలుగు సంపాదించాడు! ఎమ్మెస్సీలో కొత్తగా చేరిన ఒకే ఒక్క అమ్మాయి, పదిహేను రోజులుగా తను పలకరించాలని చూస్తున్న అమ్మాయి, అది చూసి మెచ్చుకుంటుందనుకున్నాడు.

మెచ్చుకోలేదు సరికదా, ఆమె గొంతుక్కూర్చుని టైరు గాడిలో గోరు పెట్టి గీకింది. గోరు నల్లబడింది.

"అరిగిపోయిన టైర్లకు వేడి ఇనుముతోని గాళ్ళు కోసి, రంగు పూసిండ్రు. బండలు తగిలితే పగుల్తయి. వాపస్ ఇచ్చి, మంచియి రెండే తెచ్చి వెనక వెయ్యిండ్రి. పాతవాట్లల్ల రెండు ఇంకా నడుస్తయి, ముందట ఉంటయి."

అది నిజమేనేమోనని రాజలింగుకు లోపల ఎక్కడో తట్టింది. కానీ చుట్టూ పది మంది ఉన్నారు.

"ఇంత ఎర్కనా మీకు? మీ నాయనకేమన్న పంచర్ దుకాణం ఉన్నదా ఏంది?" అన్నాడు.

అందరూ ఘొల్లున నవ్వారు. బాలలక్ష్మి ముఖం ఎర్రబడింది. నల్లబడిన గోరును నోట్‌బుక్ అట్టకు తుడుచుకుని వెళ్ళిపోయింది.

డ్రైవర్ బిక్షపతి మెల్లగా దగ్గరికొచ్చాడు. "సార్, ఆ బిడ్డ చెప్పింది ఒకసారి చూస్తె..."

"నువ్వు బిగియ్యి బిక్షపతన్నా," అన్నాడు రాజలింగు విసుగ్గా.

శనివారం జీపు భువనగిరి దాటి, కంకర బాట పట్టింది. సన్నటి వాన. వెనక సీట్లో బాలలక్ష్మి ముంగురుల మీద నీటి చుక్కలు నిలుస్తున్నాయి. రాజలింగు బండరాళ్ళను చూపిస్తున్నట్టు నటిస్తూ మూడుసార్లు వెనక్కి తిరిగాడు. నాలుగోసారి ఆమె, "రాళ్ళు ముందట ఉన్నయి," అంది. అతనికి నవ్వొచ్చింది. ఆ అమ్మాయి పెదవి కూడా కొంచెం వంకర తిరిగింది.

వాగులోకి దిగే వాలులో ఢామ్మని చప్పుడైంది. వెనక టైరు పగిలి జీపు పక్కకు జారింది. బిక్షపతి స్టీరింగుతో పెనుగులాడి ఎలాగో గట్టుకు తగిలించి ఆపాడు. లేకపోతే వాగులోనే. అందరూ క్షేమంగా దిగారు, బాలలక్ష్మి తప్ప. ఆమె ముంజేయి ఇనుప రేకుకు కోసుకుపోయింది.

పైట కొంగు చించి తనే కట్టు కట్టుకుంది. 'నేను చెప్పలేదా' అని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండుననిపించింది రాజలింగుకు.

సోమవారం హెడ్ గారు బిక్షపతిని పిలిపించారు. పక్కనే రాజలింగు నిలబడి ఉన్నాడు.

"కొత్త టైరు ఎలా పగులుతుందయ్యా? స్పీడ్‌గా తోలావు, అంతే. ఆడపిల్లకు దెబ్బ తగిలింది. నిన్ను తీసెయ్యమని ఆఫీసుకు రాస్తున్నాను."

బిక్షపతి తల వంచుకున్నాడు. రాజలింగు నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. గోడ మీద వేలాడుతున్న మ్యాపు వంక చూస్తూ నిలబడ్డాడు.

బయటికొచ్చాక బిక్షపతి అన్నాడు: "సార్, టైర్ల సంగతి నేను తియ్యలే. మీ ఫెలోషిప్‌కు ఏమన్న అయితదేమోనని."

ఆ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఇద్దరు పిల్లల తండ్రి, తనను కాపాడుతున్నాడు. తను మాత్రం మ్యాపు చూశాడు.

మధ్యాహ్నం భోజనం సహించలేదు. షెడ్డులోంచి పగిలిన టైరు తీసి, చేత్తో దొర్లించుకుంటూ క్యాంపస్ దాటి తార్నాక వైపు నడిచాడు. టైర్ల పని తెలిసినవాళ్ళెవరైనా చూసి, ఆమె మాట నిజమో కాదో చెబితే చాలు. నిజమే కావాలని ఉంది. కాకూడదనీ ఉంది.

చౌరస్తా పక్కన తడికెల షెడ్డులో ఒక ముసలాయన ట్యూబుకు అతుకు వేస్తున్నాడు. టైరు చూడగానే లోపలి దారాలు వేళ్ళతో లాగి చూపించాడు.

"అరిగి గుండైన టైరుకు గాళ్ళు కోసిండ్రు బిడ్డా. గిది కొన్నోనికి కండ్లు లెవ్వా?"

"కొన్నది ఆయననే నాయనా," అని లోపలి నుంచి గొంతు వినిపించింది.

చేతికి కట్టుతో బాలలక్ష్మి మంచినీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి ఉంది.

రాజలింగుకు తనన్న మాటే గుర్తొచ్చింది. 'మీ నాయనకేమన్న పంచర్ దుకాణం ఉన్నదా?' పది మంది నవ్వు మళ్ళీ చెవుల్లో మోగింది. ఆమె తండ్రి కొమురెల్లి ఇదేమీ తెలియక చేతులు తుడుచుకుంటూ స్టూలు జరిపాడు. "కూసో బిడ్డా."

కూర్చోలేకపోయాడు.

"ఆనాడు నేను అట్ల అనుడు..." టైరును తడికెకు ఆనించాడు. "తప్పయింది."

"మీరన్నందుకు కాదు," అంది బాలలక్ష్మి. ఆమె చూపు చెంబులోని నీళ్ళ మీదే ఉంది. "అవును, ఉన్నదని చెప్పనందుకు నాకు సిగ్గయితున్నది. మా నాయన గీ టైర్లకు అతుకులేసుకుంటనే నన్ను ఎమ్మెస్సీ దాక తెచ్చిండు. అందరు నవ్వుతుంటే నేను ఆయన పేరు దాచిపెట్టిన. నేను గట్టిగ చెప్పి ఉంటే బిక్షపతన్నకు ఈ గతి పట్టకపోవు."

"చెప్పినా నేను వినకపోదును."

"గదైతే నిజమే." మొదటిసారి ఆమె అతని ముఖంలోకి చూసింది. "నాకు చెప్పుడు అయింది. చెప్పాల్సిన తావు ఇంకోటి ఉన్నది."

మరునాడు పొద్దున రాజలింగు ఆ టైరును హెడ్ గారి గదిలోకే దొర్లించుకుపోయాడు. గుమాస్తాలు తలలెత్తి చూశారు. అయినా మొత్తం చెప్పాడు: ఎవరు వద్దన్నారో, తను ఏమని ఎగతాళి చేశాడో, నిన్న ఎందుకు మాట్లాడలేదో.

హెడ్ గారు వంగి టైరు గాళ్ళను వేలితో తడిమి చూశారు. "టైర్ల ఖర్చు నీ ఫెలోషిప్‌లోంచి కట్టు. జీపు బాధ్యత ఇక నీది కాదు. వెళ్ళి బిక్షపతికి క్షమాపణ చెప్పు. ఆ ఉత్తరం నేను పంపను."

బిక్షపతి ముందు చేతులు జోడించబోతే అతను పట్టుకుని ఆపాడు. "ఏంది సార్ గిది! ఛాయ్ తాపియ్యుండ్రి, అయిపాయె."

నెల తిరిగాక జీపు కొమురెల్లి షెడ్డు ముందు జాకీ మీద లేచింది. కొత్త టైర్లు రెండే, రాజలింగు ఫెలోషిప్ డబ్బుతో కొన్నవి. బాలలక్ష్మి ఒక్కోదాన్నీ వేలితో నొక్కి, వాసన చూసి, కంపెనీ అచ్చు చదివి మరీ ఎంచింది. రాజలింగు వెనకే నిలబడి, అడక్కుండా ఒక్క మాట మాట్లాడలేదు. వాన మొదలైంది. ఇద్దరూ తడికె కిందికి జరిగారు.

"మిమ్మల్ని ఒకటి అడగాలె," అన్నాడు.

"టైర్ల గురించేనా?"

"కాదు."

అతని ముఖం కందగడ్డలా అయింది. మనసులో వందసార్లు చెప్పుకున్న వాక్యంలో మొదటి ముక్క కూడా గుర్తులేదు.

జీపు కింది నుంచి కొమురెల్లి గొంతు వచ్చింది. "అడుగు బిడ్డా. నేను జీపు కింద ఉన్న, నాకేం వినబడది."

బాలలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది. రాజలింగు పారిపోదామా అన్నట్టు రోడ్డు వంక చూశాడు.

"నా ఎమ్మెస్సీ అయ్యేదాక ఆగుతరా?" అంది ఆమె నేల చూపులు చూస్తూ.

"ఆగుత."

"మా నాయన దుకాణంలనే వచ్చి అడుగుతరా? పది మంది ముందట?"

"పది మందిని నేనే పిల్చుకొస్త."

జీపు కింద నట్టు బిగించే చప్పుడు కాసేపు ఆగింది. తర్వాత మునుపటి కంటే హుషారుగా మొదలైంది.