పేరు పెట్టి పిలిచిన విషం

"నన్నెవరో సంపుతున్నరు సార్. ఒక్కపారి గాదు, జర జర."

ఆ మాట అనేసి ఆ మనిషి వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాడు. వనపర్తి బస్టాండు వెనక, ఎరువుల దుకాణం పైనున్న ఇరుకు గది అది. డిటెక్టివ్ భానుప్రకాశ్ ఆఫీసు. వచ్చినతని పేరు నాగన్న. వీపనగండ్ల దగ్గర మెట్ట చేను ఉంది. భార్య పోయింది, పిల్లలు లేరు. చేలోనే రేకుల ఇల్లు వేసుకుని ఒక్కడే ఉంటున్నాడు.

"ఏమవుతుంది?" భానుప్రకాశ్ అడిగాడు.

"నోరు ఎండుకపోతది. ఎండ దిక్కు చూడలేను. దగ్గరున్నది కనబడదు, లేనోళ్లు కనబడుతరు. మొన్న బాయికాడ నిలబడి సచ్చిపోయిన నా పెండ్లాంతోని ముచ్చట పెట్టినంట. నాకు పిచ్చి లేసిందని ఊరంత చెప్పుకుంటుండ్రు."

"దవాఖానలో చూపించలేదా పెద్దనాయనా?" అసిస్టెంటు రాధిక అడిగింది.

"చూపిచ్చిన బిడ్డా. నేను తినే తిండి, తాగే నీళ్లు హైదరాబాదుకు పంపిండ్రు. విషం లేదన్నరు. ఇంకోపారి గిట్లయితె పిచ్చి దవాఖానల ఏస్తరంట. గప్పటిదాంక బతికుంటనో లేదో!"

"ఎప్పుడెప్పుడు వస్తుంది?"

నాగన్న తల దించుకున్నాడు. "గద్వాలకు బయల్దేరిననాడు. ఆడ హన్మమ్మ అని ఉన్నది, చీరెలు నేస్తది. మొగడు లేడు. చేను కౌలుకిచ్చి నేను గూడ ఆడికే పోవాలనుకున్న. నలుగురు నవ్వుతరని దశరథానికొక్కడికే చెప్పిన. పక్క చేను ఆయనదే, చిన్నప్పటి దోస్తు. మా తమ్ముని కోడలు గీతకు గూడ ఎట్లనో తెలిసిపోయింది."

"ఆ రోజుల్లో ఏం తిన్నావు?"

"గీత పంపిన జొన్నరొట్టె, చారు. నా కుండల నీళ్లు. గంతే."

మర్నాడు ఇద్దరూ వీపనగండ్ల వెళ్లారు. నాగన్న ఇంట్లో అడుగుపెట్టగానే గీత చేతిలో రొట్టెల గిన్నెతో ఎదురొచ్చింది. అడగకముందే అందుకుంది.

"ఇగో సార్, ఈ చేను మాకే రావాలె. గది నిజం, దాపుడేంది? గని ఈ రొట్టె మా ఇంటిల్లిపాది తింటం. ఆయన ముద్దల విషం కలిపి నా పిల్లలకు అన్నం పెడ్తనా?"

రాధిక గూట్లో ఉన్న సీసా చూపించింది. "ఆ తేనె ఎవరిది?"

"మన్ననూరు మైసయ్య తెస్తడు, అడివి తేనె. ఎందుకు కొంటడో ఆ దేవునికే ఎరుక. మా మామ తీపి ముట్టడు. చాయల చక్కెర గూడ ఏసుకోడు."

దశరథం తన చేని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మనుషులు వచ్చినందుకు అతని మొహం వెలిగింది. లేచి తువ్వాల పరిచాడు.

"నాగన్నకు పయనం పడదు సార్. నోరు తీపి చేసుకొని, దండం పెట్టుకొనే బయల్దేరుతడు. అయినా బాట ఎక్కకముందే పడిపోతడు. నేనే ఎత్తుకొచ్చి పండుకోబెడ్త. తెల్లారిందాంక పక్కనే కూసుంట."

"మీ ఇంట్లోవాళ్లు ఏమనరా?"

"నా ఇంట్ల ఎవరున్నరు సార్? అనేటోళ్లుంటే మంచిగనే ఉండు."

తిరిగి నాగన్న దగ్గరికి వచ్చి భానుప్రకాశ్ గూటి ముందు నిలబడ్డాడు. "తేనె తింటావా?"

"తినను సార్."

"గద్వాలకు బయల్దేరేటప్పుడు?"

నాగన్న గూట్లోని సీసా వైపు చూశాడు. "ఊరికి పోయేముందు ఒక చెంచెడు నోట్ల ఏసుకుంట. నా పెండ్లాం ఉన్నప్పటి అలవాటు. గది తిండేంది సార్? శకునం గద!"

ఆ సీసాను భానుప్రకాశ్ ఒళ్లో నిలువుగా పెట్టుకుని, బస్సు కుదుపులకు ఒరగకుండా రెండు చేతులా పట్టుకుని నాగర్‌కర్నూల్ చేరాడు. ఎందుకంత జాగ్రత్తో రాధికకు అర్థం కాలేదు.

అక్కడ ఉషకు చిన్న ల్యాబ్ ఉంది. పల్లీలకు పట్టే బూజు విషాన్ని వ్యాపారుల కోసం పరీక్షిస్తుంది. సీసా చూసి పెదవి విరిచింది.

"తేనె అంటే ఒక పదార్థం కాదండీ, పెద్ద గుంపు. చక్కెరలు, పుప్పొడి, మైనం, ఇంకా ఎన్నో. రవ్వంత విషం అందులో మునిగిపోతుంది. ఏ విషమో చెప్పకుండా వెతకమంటే నా వల్ల కాదు."

"ఉమ్మెత్త," అన్నాడు భానుప్రకాశ్. "నోరెండడం, వెలుగు చూడలేకపోవడం, దగ్గరివి మసకబారడం, లేని మనుషులు కనిపించడం. అన్నీ కలిపి చూస్తే అదే."

ఉష ముఖం మారింది. "అయితే పట్టొచ్చు. ఆ విషం ఆకారానికి సరిగ్గా సరిపోయే గుంటలు అచ్చుపోసిన పొడి దొరుకుతుంది. గొట్టంలో నింపి, నీళ్లలో కరిగించిన తేనె పోస్తే ఆ ఒక్కటే గుంటల్లో కూర్చుంటుంది. మిగతాది కడిగేస్తే పోతుంది. తర్వాత దాన్ని విడిపించి కొలుస్తాను."

"జాతరలో తప్పిపోయిన బిడ్డను పేరు పెట్టి పిలిచినట్టు," అంది రాధిక. "ఎంత జనమున్నా ఆ బిడ్డే తిరిగి చూస్తుంది."

"అంతే. పేరు తెలియకపోతే గొంతు పోయేలా అరిచినా లాభం లేదు."

"ఇంకొక్క మాట," అన్నాడు భానుప్రకాశ్. "సీసా కదపకండి. పైభాగం, అడుగుభాగం విడివిడిగా చూడండి."

ఫలితం వచ్చాక అందరినీ నాగన్న ఇంట్లో కూర్చోబెట్టాడు. గీత, దశరథం, మన్ననూరు నుంచి వచ్చిన మైసయ్య, గుమ్మం దగ్గర ఎస్సై.

"తేనెలో ఉమ్మెత్త విషం ఉంది," అన్నాడు భానుప్రకాశ్.

మైసయ్య లేచి నిలబడ్డాడు. "మా తేనెలనా? అదే పట్టు తేనె నా పిల్లలు తిన్నరు సార్!"

"కూర్చో మైసయ్యా. ఉమ్మెత్త పూల నుంచి తేనెటీగలే తెచ్చి ఉంటే సీసా అంతటా ఒకేలా ఉండాలి. ఇక్కడ పైన ఉంది, అడుగున లేదు. చిక్కటి తేనె కదపకపోతే తొందరగా కలవదు. మన్ననూరులోనే కలిపి ఉంటే దారి కుదుపులకు సీసా అంతా పాకేది. అంటే సీసా ఈ గూట్లోకి వచ్చాక ఎవరో పైన కలిపారు."

అందరి చూపులూ గీత మీద పడ్డాయి. ఆమె చీరె కొంగు బిగించింది. "నన్నేంది గట్ల చూస్తరు?"

"గీతకు ఈయన తేనె తింటాడనే తెలియదు. తీపి ముట్టడని తనే చెప్పింది. తినని తేనెలో విషం ఎవరు కలుపుతారు? ఆ చెంచాడు తేనె సంగతి నాగన్న కూడా మాకు చెప్పలేదు. శకునాన్ని తిండి కింద లెక్కవేయలేదు కాబట్టి పరీక్షకు పంపిన వాటిలో తేనె లేనే లేదు. నోరు తీపి చేసుకుని బయల్దేరుతాడని అడగకుండా చెప్పింది ఒక్కరే." భానుప్రకాశ్ గొంతు తగ్గించాడు. "ఏం దశరథం?"

దశరథం కాదనలేదు. చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని తల దించుకున్నాడు.

నాగన్న నమ్మలేనట్టు అతని వైపు వంగాడు. "నువ్వారా? నీకేం తక్కువ చేసిన్రా?"

"సంపాలని గాదు నాగన్నా. జర సుస్తీ జేస్తె పయనం ఆగుతదనుకున్న." దశరథం తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వు గద్వాల పోతె పొద్దుగూకినంక నేనెవనితోని మాట్లాడాలె? పండుగొచ్చినా, పానం బాగలేకున్నా నా గడప తొక్కేది నువ్వొక్కనివే గద. నీకు హన్మమ్మ ఉన్నది. నాకెవరున్నర్రా?"

"ఆ చెంచాడులో విషం కాస్త ఎక్కువైతే చచ్చిపోయేవాడు," అన్నాడు భానుప్రకాశ్ కఠినంగా. "అప్పుడు ఎవరితో మాట్లాడేవాడివి?"



ఎప్పుడూ భానుప్రకాశ్ వైపు మెచ్చుకోలుగా చూసే రాధిక ఈసారి అలా చూడలేకపోయింది. కేసు తేలింది. గదిలో ఎవరికీ సంతోషం లేదు.

ఎస్సై ముందుకొచ్చాడు. "ఫిర్యాదు ఇస్తవా పెద్దాయనా?"

నాగన్న దశరథం వైపు చూశాడు. "ఇస్త సార్. ఇయ్యకుంటె ఊరోళ్లు నన్నే పిచ్చోనంటరు. హన్మమ్మకు ఏం జవాబు చెప్పాలె? రాసుకోండ్రి."

ఎస్సై దశరథం భుజం మీద చెయ్యి వేశాడు. దశరథం లేచి, గుమ్మం దగ్గర చెప్పుల కోసం కాళ్లతో తడుముకున్నాడు. కళ్లలో నీళ్లకు కనిపించడం లేదు. గీత వంగి చెప్పులు అతని కాళ్ల దగ్గరికి జరిపింది.

వాళ్లు వాకిట్లోకి దిగాక నాగన్న గుమ్మం దాకా వచ్చాడు.

"సార్, జైల్ల కలవనీకి చుట్టాలే రావాల్నా, దోస్తు వస్తె రానిస్తరా?"

ఎస్సై ఆగి వెనక్కి చూశాడు. "రానిస్తరు. ఎందుకు?"

"వానికి చుట్టాలు లేరు," అన్నాడు నాగన్న.