సీసా మెడ రాగం

సౌదీలో దమ్మామ్ పోర్టు వెనకాల కాలిపోయిన లేబర్ షెడ్డొకటి ఉండేది. రాత్రి ఇషా నమాజు దాటితే మనవాళ్ళెవరూ అటు వెళ్ళేవారు కాదు. లోపల ఎవరో మూలుగుతారని... తీగ మీద గాజు రాసినట్టు సన్నటి ఏడుపు వినిపిస్తుందని చెప్పుకునేవారు.

అది భూషణం దెయ్యమే అన్నారు అందరూ.

ఈ సంగతి నాకు చెప్పింది వాటర్ ట్యాంకర్ నడిపే హన్మాండ్లు. గల్ఫ్ యుద్ధమప్పుడు ఆ షెడ్డులో భూషణం పక్కమంచం అతనిదే.

భూషణం బాపట్ల మనిషి, వెల్డరు. గిటారు వాయించేవాడు — అందరిలా కాదు. నీళ్ళకోసం వచ్చే ఒక నల్ల అమెరికన్ సైనికుడు నేర్పాడట. ఆ సైనికుడి తాత గుడ్డివాడు. వీధి మూలల్లో నిలబడి, తీగల మీద చాకు జారుస్తూ దేవుడి పాటలు పాడేవాడు. గొంతు పూడుకుపోయి మాట రాని చోట గిటారు అందుకునేదట. భూషణానికి చాకు కుదరలేదు. సీసా మెడ కోసి, అంచులు అరగదీసి, చిటికెన వేలికి తొడుక్కున్నాడు.

అక్కడ యేసు పాటలు పైకి పాడితే ఇబ్బంది. అందుకని నోరు మూసుకుని రాగం మాత్రం తీసేవాడు.

"మాటలుంటేగా తప్పు పట్టేది!" అని నవ్వేవాడు.

సైరన్ మోగితే అందరూ మంచాల కింద దూరేవారు. అతను వాయిస్తూనే ఉండేవాడు. అది వింటుంటే హన్మాండ్లుకి వణుకు తగ్గేది.

ఒక రాత్రి ఆకాశంలో పేలిన స్కడ్ క్షిపణి ముక్క షెడ్డు మీద పడింది. మంటలు... అందరూ బయటికి ఉరికారు. భూషణం కూడా వచ్చాడు — వచ్చినవాడు ఆగి, వెనక్కి తిరిగాడు. లోపల కడప మహబూబ్ సుభాని జ్వరంతో లేవలేక పడి ఉన్నాడు. అందరూ చూస్తుండగానే అతన్ని కిటికీలోంచి బయటికి తోశాడు భూషణం. అంతే... కప్పు కూలింది.

సుభానిని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మిగతావాళ్ళని తలోచోటికీ పంపేశారు. ఎవరెక్కడున్నారో ఎవరికీ తెలియదు.

ఏడాది దాటాక ఆ మూలుగు మొదలైంది.

"భూషణమన్న అయితే నన్నేం జేస్తడు? ఒక్కడే ఏడ్వబట్టె... పోయి పక్కన కూసుంట," అనుకున్నాడు హన్మాండ్లు. ఒక గురువారం రాత్రి ట్యాంకర్ దూరంగా ఆపి, గోడ పట్టుకుని లోపలికి నడిచాడు.

మూలుగు... మధ్యలో తీగ ఏడుపు... అదే రాగం!



"అన్నా... భూషణమన్నా..."

రాగం ఆగింది. మసిగోడ దగ్గర వంగి ఉన్న ఆకారం మెల్లగా ఇటు తిరిగింది. గోడకి రెండు మేకులు, వాటి మధ్య ఒకే ఒక్క తీగ. మంటల్లో కాలి అతుక్కుపోయిన వేళ్ళ మధ్య గాజు ముక్క.

"నేనన్నా... సుభానిని."

హన్మాండ్లు అక్కడే కూలబడ్డాడు. "నువ్వా! ఊరికి పోలేదా? ఈడేం జేస్తున్నవ్?"

సుభాని గాజు ముక్కని తీగ మీద ఒకసారి జార్చాడు.

"నన్ను తోసేటప్పుడు ఆయన మూలిగినాడన్నా," అన్నాడు గుసగుసగా. "అది పాటో... నొప్పో... వాయించి చూస్తాండా. ఇంతవరకూ తెలీలా."