ఏడుపుల వంక పొలం

రొద్దం నుంచి పెనుకొండకు పోయే బండిబాటలో ఏడుపుల వంక అని ఒకటి ఉండేది. అందులో నీళ్లు ఏడాదికి నాలుగు నాళ్లు పారితే ఎక్కువ. పుకార్లు మాత్రం ఏడాది పొడుగునా పారేవి.

పొద్దు కూకినాక ఆ వంక దాటితే ఆడగొంతు వినిపిస్తుందట. ఏడుపో పాటో తెలియదు... సన్నగా, సాగదీస్తూ, పసిబిడ్డను జోకొడుతున్నట్టు ఉండేదట. ఎవరైనా దగ్గితే చాలు — టక్కున ఆగిపోయేది. ఆ ఆగడమే మరీ భయం. బండ్లవాళ్లు ఎద్దుల తోకలు మెలిపెట్టి ఒక్క ఉరుకున దాటేవాళ్లు. ఒకాయన చెప్పు ఊడిపోతే వెనక్కి చూడకుండా ఒంటి చెప్పుతోనే ఊరు చేరాడని మా పెద్దలు చెప్పి నవ్వేవాళ్లు. తెల్లారి ఆ చెప్పు కోసం పోయాడులెండి.

ఆ వంక గట్టునే తిప్పన్న పొలం. మూడెకరాల ఎర్రనేల. ఒక మూల కలబంద పొదలు, పొదల నడుమ నిలువుగా నాటిన ఒక పాతురాయి. ఆ మూల ఎవరూ దున్నరు. తిప్పన్న నాయన దున్నలేదు, తిప్పన్న కూడా దున్నలేదు. ఎందుకని అడిగినవాడూ లేడు. పెద్ద యుద్ధం మొదలయ్యే ముందు, ఊళ్లో మోతుబరి హనుమంతరాయుడి కన్ను ఆ పొలం మీద పడింది. అది వారసులు లేని పొలమనీ, తన తాత సాగులో ఉండేదనీ పెనుకొండ తాలూకా కచ్చేరిలో అర్జీ పెట్టాడు.

"తిప్పన్ననే అడగండి సామీ. ఆ పొలం వాళ్లకు ఎవరి నుంచి వచ్చిందో చెప్పమనండి. ముత్తాత పేరైనా తెలుసేమో చూడండి" అన్నాడు.

నిజంగానే తెలియదు. అక్కడే తిప్పన్నకు ఒళ్లు మండింది. వాడి కోపం ముక్కు మీద కాదు, నాలుక మీదే ఉండేది. పాత రికార్డులో ఉన్న మనిషి పేరు, ఆ మనిషి తనకేమవుతాడో చెప్పగలిగితే పొలం నిలుస్తుంది. లేదంటే పెళ్లాం బిడ్డలతో ఊరు విడిచి కూలికి పోవలసిందే.

ఇంటికొచ్చి అవ్వ రంగమ్మను అడిగాడు. తల్లీ తండ్రీ పోయినాక వాడిని పెంచింది ఆమే.

"మా తాతకు నాయన ఎవరవ్వా?"

"గాండ్లపెంట తట్టోళ్లులేరా" అని ముసలమ్మ చేటలో శనక్కాయలు చెరుగుతూ మొహం తిప్పుకుంది.

ఎండలో పడి గాండ్లపెంట పోయాడు. అక్కడి పెద్దలు నవ్వారు. "మీ తాతకు ఈడ గుంట నేల లేదప్పా. రొద్దానికి ఇల్లటం అల్లుడుగా పోయినాడు. నేల ఆయప్పది కాదు, మీ అవ్వ తట్టుది."

తిరిగొచ్చి, "అయితే మీ నాయన పేరేమి?" అని అడిగాడు. అవ్వ పలకలేదు. ఎంత అరిచినా పలకలేదు. "ఈమె నోట్లో ఏమన్నా కుట్లు వేసినారా" అని తిట్టి, మరునాడు పొద్దున్నే తిప్పన్న పెనుకొండ దారి పట్టాడు.

కచ్చేరిలో రికార్డు గుమాస్తా మంచివాడు. దుమ్ము దులిపి పాత ఇనాము రిజిస్టరు తీశాడు. వేలితో వరస వెతుకుతూ ఒకచోట ఆగాడు.

"దొరికిందప్పా. ఇదే పొలం. అనుభవదారు, బసివి ఓబక్క. తండ్రి కొండప్ప. కూతురు ఒకతె, చంటిది."

మగబిడ్డ లేని తండ్రి ఆ కాలంలో ఒక కూతురిని దేవుడి పేరు చెప్పి బసివిగా విడిచేవాడు. ఆమెకు పెళ్లి లేదు. కొడుకు మాదిరి పుట్టింట్లోనే ఉండి, తండ్రికి కొరివి పెట్టి, పొలం ఏలుకోవాలి. బిడ్డలు పుడితే ఆమె తండ్రి ఇంటిపేరే వాళ్లకు. తన వంశం నిలవాలని ఒక ఆడపిల్ల బతుకును మొక్కుబడి చేసేవాడు ఆ తండ్రి. తరవాత ఆ వంశమే ఆమె పేరెత్తడానికి సిగ్గుపడేది. తినడానికి ఆమె పొలం కావాలి, చెప్పుకోవడానికి ఆమె వద్దు.

"నీ అదృష్టం బాగుంది. నేల మీ అవ్వ తట్టుది అంటున్నావు కదా, ఈ ఓబక్క మీ అవ్వకు తల్లి అయితే పొలం నీదే. చెప్పు, ఈమె మీకేమవుతుంది?" అన్నాడు గుమాస్తా.

అవ్వ మౌనం తిప్పన్నకు అప్పుడే అర్థమైంది. అర్థమైనదాన్ని ఒప్పుకోవడానికే మనసు రాలేదు.

వసారాలో కూర్చున్న హనుమంతరాయుడు ఇదంతా వింటున్నాడు. వాడికి తిప్పన్న కోపం సంగతి బాగా తెలుసు.

"చెప్పప్పా తిప్పన్నా. అందరికీ వినపడేట్ల చెప్పు. మేము బసివి సంతానమని చెప్పు" అన్నాడు తీరిగ్గా.

పక్కన ఎవరో కిసుక్కుమన్నారు. అంతే. తిప్పన్న అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"ఆమె మాకేమీ కాదు. అట్లాంటోళ్లు మా ఇంట్లో ల్యారు. రాసుకోండి సామీ."

"నిదానంగా ఆలోచించప్పా..."

"రాసుకోమంటి కదా. ఆమె కానీ, ఆమె కడుపున పుట్టినోళ్లు కానీ, మాకేమీ కారు."

గుమాస్తా రాసి చదివి వినిపించాడు. తిప్పన్న కాగితం చిరిగేంత గట్టిగా చేవ్రాలు చేశాడు. ఆ తరవాత హనుమంతరాయుడు నవ్వలేదు. పై కండువా దులుపుకొని లేచి పోయాడు. పని అయిపోయినవాడికి ఇంక నవ్వు దండగ.

తిప్పన్న నడిచొచ్చేసరికి వంక దగ్గరే పొద్దు కూకింది. హనుమంతరాయుణ్ణి తిడుతూ, అవ్వను తిడుతూ, ఎప్పుడో మట్టిలో కలిసిన ఆ ఓబక్కను కూడా తిడుతూ వస్తున్నాడు. తన నోటిని మాత్రం తిట్టుకోలేదు.

అప్పుడు వినిపించింది...

సన్నగా — సాగదీస్తూ — కలబంద పొదల వైపు నుంచి.

ఇంకో రోజైతే పారిపోయేవాడు. ఆ రోజు కోపం ముందు భయం నిలవలేదు. వంగి ఒక రాయి తీసుకున్నాడు. దగ్గలేదు, కేకెయ్యలేదు. ఒక్కొక్క అడుగే వేస్తూ పొదలు తప్పించుకొని పోయాడు.

లోపల వెలుగు కదిలింది. చిన్న ప్రమిద. దాని ముందు పాతురాయి. రాయికి పసుపు, కుంకుమ. రాయిని ఒళ్లోకి లాక్కున్నట్టు వంగి, ముసుగు కప్పుకొని ఒక ఆకారం... ముందుకీ వెనక్కీ ఊగుతోంది.

రాయి పట్టుకున్న చెయ్యి పైకి లేచింది.

పాట ఆగింది. ముసుగు మెల్లగా ఇటు తిరిగింది.

"ఎవురూ... తిప్పన్నా?"

వాడి అవ్వ రంగమ్మ.

"నువ్వా... ఇన్నేండ్లూ ఈడ ఏడ్చేది నువ్వా అవ్వా?"

"అరవొద్దు. ఏడ్చేదేమిరా, జోల పాడతాండా. నాకు మా యమ్మ పాడిన జోల. ఇంట్లో భజనకని చెప్పి వస్తాంటి. దయ్యమని జనమే అనుకున్న్యారు, నేనూ అనుకోనిస్తి. భయముండబట్టే కదా ఈ రాయి మీద ఎవురూ మడక కట్టి దున్నల్యా."

"ఎవరు మీ యమ్మ?" అన్నాడు, తెలిసి కూడా.

"ఓబక్క. ఈ రాయి కింద ఉండేది ఆమే."

"నాకెందుకు చెప్పల్యా?" తిప్పన్న చేతిలోని రాయిని కింద పడేశాడు. "ఊర్లు పట్టుకొని తిరిగితి కదా. ఒక్క మాట చెప్పింటే..."

"చెప్పింటే ఇట్లే మండేవాడివి. మీ నాయనకు చెప్తే ఏమాయె? మా యమ్మ పేరు ఇంట్లో ఎత్తొద్దని తన తల మీద ఒట్టు పెట్టించుకున్న్యాడు."

అవ్వ ప్రమిదకు చెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా, ఆశగా అడిగింది. "కచ్చేరి బుక్కులో మా యమ్మ పేరు ఉండాదా?"

"...ఉండాది."

"నా పేరు?"

"కూతురు ఒకతె, చంటిది అని ఉండాది."

ముసలమ్మ బోసినోటితో నవ్వింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "చంటిది... చూస్తివా, మమ్మల్నీ రాసినారు. ఊరు నోరెత్తకపోయినా దొరలు రాసిపెట్టినారు. అయితే పొలం నిలిచినట్లే. నువ్వేం చెప్పినావు ఆడ?"

తిప్పన్న వంగి ప్రమిద వత్తిని ఎగదోశాడు.

"ఏం చెప్పినావురా?"

చెప్పాడు. ఓబక్క కానీ, ఆమె కడుపున పుట్టినోళ్లు కానీ మాకేమీ కారని అన్న మాట అన్నట్టే చెప్పాడు. చేవ్రాలు సంగతి కూడా చెప్పాడు. అవ్వ తిట్టలేదు. తిట్టి, తాను పడేసిన రాయి తీసి నెత్తిన వేసినా తిప్పన్న తట్టుకునేవాడు.

"తెల్లారే పోయి, తప్పు చెప్తినని ఆ గుమాస్తా కాళ్లు పట్టుకుంటా అవ్వా. లెయ్, చలిగాలి. ఇంటికి పోదాం పా."

అవ్వ లేవలేదు. వాడు చాచిన చెయ్యి వైపు చూసింది. కోపం లేదు, ఏడుపూ లేదు. పరాయి మనిషితో మాట్లాడినంత నెమ్మదిగా అడిగింది.

"ఎవురింటికి నాయనా? ఆ చంటిది నేనే కదా."