మేస్త్రి చేతి మీద నిఘా

యోబు మేస్త్రి అయిన మొదటిరోజే మనోరమ అతన్ని నవ్వులపాలు చేసింది. తాండూరు నాపరాళ్ల గనిలో ముప్పైమంది ముందు గొంతు పెంచి, గంప అక్కడ కాదు ఇక్కడ దించమని తన కాళ్ల ముందు చూపించాడు. ఆమె దించింది. కాలు లాక్కున్నాడు కాబట్టి సరిపోయింది, చెప్పు మాత్రం రాళ్ల గంప కిందే ఉండిపోయింది.

"నువ్ సూపించిన జాగలనే దించిన గద, మేస్త్రీ."

యోబుకు గొంతు పెద్దదే. గుండె మాత్రం పోయిన వానాకాలం నుంచి కుదురుగా లేదు. అతని కళ్లముందే బండ జారి తోటి కూలి జంగప్ప కాలు నుజ్జయింది. అప్పటినుంచి గని రాతిగోడ దగ్గరికి వెళ్లాలంటే భయం. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని మీసం పెంచాడు. పాపం, మీసం తన డ్యూటీ తాను చేసింది.

పొద్దున్నే జనం గనిలోకి దిగేముందు మేస్త్రి రాతిగోడను సుత్తెతో కొట్టి వినాలి. ఖంగుమంటే గట్టిరాయి. చప్పగా పలికితే లోపల పగులున్నట్టు. కొట్టేటప్పుడు కొన్ని రోజులు యోబు చేయి వణికేది. సరిగ్గా ఆ రోజుల్లోనే మనోరమ ఆ చేతిని చూసేది. చూసి, మేనత్త చంద్రవ్వ చెవిలో ఏదో ఊదేది. చంద్రవ్వ ఇంకొకరి చెవిలో. కాసేపటికి ఆడవాళ్లంతా గోడకు దూరంగా, అవతలి గట్టున రాళ్లు ఏరుతూ కనబడేవాళ్లు.

వికారాబాదు నుంచి మేనత్త ఇంటికొచ్చిన పిల్లకు మేస్త్రి చేతితో ఏం పని? యోబు బాగా ఆలోచించి తేల్చేశాడు, ఈమె గని లెక్కలు చూసే మున్షీ పెట్టిన సీఐడీ. మున్షీ తన బావమరిదిని మేస్త్రిని చేయాలని చూస్తున్నాడు. పిరికివాడన్న పేరు పడితే చాలు, యోబు మళ్లీ గడ్డపార పట్టాల్సిందే. ఇక ఆమె నవ్వితే అనుమానం, నవ్వకపోతే ఇంకా అనుమానం. ఆమె రాని రోజు దారివైపు పదిసార్లు చూసేవాడు. అది కూడా ఎదురు నిఘాయేనని సర్దిచెప్పుకునేవాడు.

ఒకరోజు ముసురు పట్టింది. మధ్యాహ్నంలోపు లారీ నిండాలని మున్షీ పైన గొడుగు కింద నిలబడి తొందరపెడుతున్నాడు. యోబు గోడ మీద కొట్టాడు. చేయి వణికింది. మనోరమ చూసింది, చంద్రవ్వ వైపు కదిలింది. ఇక ఆగలేక ఆమెను పక్కకు పిలిచాడు.

"నా చెయ్యి ముచ్చట మున్షీకి ఎన్నిసార్లు జెప్పినవ్?"

ఆమె వింతగా చూసింది.

"మున్షీకా? గాయనకేం ఎరుక రాయి సంగతి? నీ చెయ్యి ఉత్తగ వణకది మేస్త్రీ. చప్పుడు మంచిగ లేని దినమే వణుకుతది. గా దినం ఆడోళ్లను నేనే పక్కకు జరుపుత. రెండుసార్లు పెచ్చులు ఊడిపడ్డయి, సూడలేదా?"

చూశాడు. ఎవరి అదృష్టమోలే అనుకున్నాడు.

"మరి మొగోళ్లు?"

"ఆళ్లు నీ గొంతు ఇంటరు, చెయ్యి సూడరు. ఆళ్లకు నువ్వే చెప్పాలె."

యోబు రాళ్లకుప్ప ఎక్కాడు. మీసం తడిసి కిందికి వాలిపోయింది.

"నాకు భయమైతుంది. గీ గోడ కిందికి ఎవ్వరు దిగొద్దు. ముందుగాల మీది బండ దించుదాం."

భయమైతే మేకలు కాచుకొమ్మన్నాడు మున్షీ, రేపు కొత్త మేస్త్రి వస్తాడన్నాడు. యోబు కుప్ప దిగలేదు, మాట మార్చలేదు. ముసలి మొగులప్ప గడ్డపార కింద పెట్టి కూర్చున్నాడు. తర్వాత ఒక్కొక్కరే కూర్చున్నారు.

యోబు నడుముకు తాడు కట్టుకుని పైనుంచి గడ్డపార దూర్చాడు. మూడో ఊపుకు బండెడు రాయి విరిగి, ఇందాక జనం దిగాల్సిన చోటే పడింది. మున్షీ కిందికి తొంగిచూసి, కొత్త మేస్త్రి మాటెత్తకుండా, లారీ రేపు నిండినా ఫరవాలేదంటూ వెళ్లిపోయాడు.

తడిసిన తాడు ముడి యోబుకు ఊడలేదు. మనోరమ వచ్చి విప్పసాగింది. ముడి చిన్నదే, ఆమె మాత్రం చాలాసేపు విప్పింది.

"మీ నాయినను ఒక మాట అడగాలె," అన్నాడతను.

"నాయిన సంగతి తర్వాత. ముందుగాల నన్నడుగు."

యోబు చుట్టూ చూశాడు. ముప్పైమందీ అటు తిరిగి మహా శ్రద్ధగా రాళ్లు ఏరుతున్నారు.

"జర భయమైతుంది."

"అయితే అయింది. అడుగు."

అడిగాడు. ఆమె జవాబు అతనికి ఎంత వినబడిందో గానీ, చంద్రవ్వకు మాత్రం పూర్తిగా వినబడింది. ఆదివారం మనోరమ నాయినను అడగడానికి వికారాబాదు రైలెక్కినవాళ్లు ముగ్గురు. కిటికీ పక్కన మనోరమ, ఈ చివర యోబు, మధ్యలో చంద్రవ్వ. ఆమెకు ఇద్దరి మీదా అనుమానమే.