జ్వరముద్ర

అరుణపురంలో ఎవరైనా ఒళ్లునొప్పులతో మూలుగుతూ ఎదురైతే జనం జాలిపడరు. "ముద్ర వేయించుకున్నావా? మంచి పని చేశావ్" అంటూ పక్కకు తప్పుకుంటారు. అంగారకుడి మీద గనిపని కోసం వెలసిన ఊరది. గాజు గుమ్మటం కింద ఆరువందల మందికీ ఒకటే గాలి. ఒకరికి పట్టిన క్రిమి తెల్లారేసరికి అందరికీ పడుతుంది.

ఆ క్రిముల మీద ఇంకా పనిచేస్తున్నవి అమైనోగ్లైకోసైడ్ రకం యాంటీబయాటిక్ మందులు మాత్రమే. మిగతావాటిని మనవాళ్లే చేతులారా పాడుచేశారు. జ్వరం తగ్గగానే మందు ఆపేయడం, మిగిలింది దాచుకోవడం! చావకుండా మిగిలిన క్రిమి మొండిదైపోయింది. పోనీ మోతాదు పెంచుదామంటే, ఈ మందులు చెవుల్నీ కిడ్నీల్నీ దెబ్బతీస్తాయి.

అందుకే డాక్టర్ వకుళ జ్వరముద్ర కనిపెట్టింది. భుజానికి అతికించే ఈ బిళ్ల మందును కొలతగా ఒంట్లోకి వదులుతుంది. ఆఖరి క్రిమి చచ్చేదాకా ఒళ్లునొప్పుల్ని మాత్రం తగ్గనివ్వదు. నొప్పి ఉన్నంతసేపూ ఎవరూ మందు మానరు కదా! జనం ఆమెను తిట్టుకున్నారు, కానీ బతికారు.

ఇప్పుడు గాలియంత్రాల మెకానిక్ ఇమ్మానుయేల్ కూతురు, ఆరేళ్ల సెలీనాకు ముద్ర వేసినా జ్వరం దిగడం లేదు. వకుళకు కాలు ఒకచోట నిలవడం లేదు. వార్డులో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉంది.

"మోతాదు పెంచితే?" అని వైద్యయంత్రాన్ని అడిగింది.

"పాప బతకవచ్చు. చెవులు వినిపించవు."

"ఎవడో మధ్యలో ముద్ర పీకేసుంటాడు. గనివాళ్లే అయ్యుంటారు. ఎవడో చెప్పు, తోలు తీస్తాను!"

"గనిలో ఎవరూ తీయలేదు డాక్టర్. పాపకు పట్టిన క్రిమి మీ ఒంట్లోంచి వచ్చింది."

వకుళ నడక ఆగిపోయింది. పోయిన నెల తనకూ జ్వరం వచ్చింది. నిద్రపట్టక, తన ముద్రలో నొప్పి తీసేయమని యంత్రానికి తనే చెప్పింది. డాక్టర్ని, నాకు తెలియదా అనుకుంది. మర్నాటికి హాయిగా అనిపించింది. చెవిలో ఏదో హోరు వినిపిస్తే భయపడి ముద్ర తీసేసింది. తర్వాత పనిలో పడి మరిచిపోయింది. ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోయింది.

అంతలో ఇమ్మానుయేల్ లోపలికొచ్చాడు. "ఎవరి నిర్వాకం డాక్టరమ్మా ఇది? తెలిసిందా?"

యంత్రం జవాబు చెప్పబోయింది. వకుళ చెయ్యి చటుక్కున దాని మీట నొక్కేసింది.

"గనివాళ్లెవరో," అంది. తర్వాత మోతాదు సంగతి, చెవుల సంగతి చెప్పింది. అది మాత్రం నిజమే చెప్పింది.

ఇమ్మానుయేల్ గోడకు చేరబడి చాలాసేపు ఏడ్చాడు. చివరికి సరేనన్నాడు. వెళ్తూ వెళ్తూ ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరుండబట్టి సరిపోయిందమ్మా. లేకపోతే ఇలాంటోళ్ల వల్ల ఊరు ఎప్పుడో వల్లకాడయ్యేది."